తాతమ్మ పేరు ఏ కాగితంలో ఉంది? ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్ళలో పూర్వీకుల జాడ

 

పోయిన భాగం కింద ఒకరు పెట్టిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆయనది తాడేపల్లిగూడెం పక్క ఊరు, ఇప్పుడు విదేశంలో ఉంటున్నారు. వాళ్ళ ఆఫీసులో ఒక స్కాట్లండ్ ఆయన ఉన్నాడట. తన వంశాన్ని ఎనిమిది తరాల వెనక్కి, పేర్లతో, తేదీలతో, పుట్టిన ఊరితో సహా కంప్యూటర్ ముందు కూర్చునే తీసుకొచ్చి చూపించాడట. "నాకేమో మా నాయనమ్మ వాళ్ళ అమ్మ పేరు కూడా తెలియదు. మనకి అలాంటివి లేవా అండీ?" అని అడిగారు.

ఉన్నాయి. కాకపోతే మనవి వేరే పని కోసం రాసుకున్న కాగితాలు. ఏ కాగితం ఎందుకు రాశారో తెలిస్తే అందులో ఎవరి పేరు దొరుకుతుందో, ఎవరి పేరు దొరకదో ముందే చెప్పొచ్చు. ఈ రోజు మాట్లాడుకునేదంతా దాని గురించే.

స్కాట్లండ్ వాళ్ళకి ఎలా దొరుకుతుంది?

అక్కడ ప్రతి పారిష్‌కీ, అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ళ గుంపుకీ, ఒక పుస్తకం ఉండేది. బిడ్డకి బాప్తిస్మం ఇస్తే రాసేవారు, పెళ్ళి ప్రకటన చేస్తే రాసేవారు, కొన్నిచోట్ల పాతిపెట్టినా రాసేవారు. వాటిల్లో అన్నిటికంటే పాతది 1553 నాటిది. 1855 జనవరి 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు, వివాహాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. పారిష్ పుస్తకాలు, ఆ తర్వాతి ప్రభుత్వ రిజిస్టర్లు అన్నీ ఇప్పుడు స్కాట్లండ్ జాతీయ రికార్డుల సంస్థ నడిపే స్కాట్లండ్స్ పీపుల్ అనే వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు.

అలాగని అవి తప్పుల్లేని పుస్తకాలు కావు. 1783లో ఒక్కో నమోదుకి మూడు పెన్నీలు పన్ను వేశారు. 1794లో ఆ పన్ను తీసేసేదాకా చాలామంది పేదవాళ్ళు పిల్లల పేర్లు రాయించడమే మానేశారు. అయినా ఆ పుస్తకాల్లో రెండు గొప్ప సంగతులున్నాయి. ఒకటి, అవి మనిషి పేరున రాసినవి. కౌలుదారు బిడ్డయినా, కూలివాడి బిడ్డయినా ఒక వరస దక్కుతుంది. రెండోది, బిడ్డ తల్లిని చాలాసార్లు ఆమె పుట్టింటి ఇంటిపేరుతోనే రాశారు. అందుకని ఆయన తల్లి వైపు కూడా వెనక్కి వెళ్ళగలిగాడు.

ఇప్పుడు మన సంగతి. మన ఊళ్ళో పుస్తకం రాసింది కరణం గారు. ఆయన రాసింది శిస్తు కోసం. ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు, ఏ పంట, శిస్తు ఎంత, కట్టాల్సింది ఎవరు. అంటే మన పాత రికార్డుకి భూమి ముఖ్యం. మనిషి ఆ భూమి వెనకాల వస్తాడు. భూమి ఉన్న మగవాడి పేరు తరతరాలా దొరుకుతుంది. భూమి లేని కుటుంబం, ఇంట్లో ఆడవాళ్ళు, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఆ పుస్తకంలో ఉండరు.

జనాభా లెక్కలు ఉన్నాయి కదా అంటారు. మద్రాసు రాష్ట్రంలో 1871 నుంచీ ఉన్నాయి. కానీ మనకి మిగిలింది మొత్తాల లెక్కే. బ్రిటన్‌లో నూరేళ్ళు దాటాక ఇంటింటి జాబితాలు బయటపెడతారు. మన దగ్గర అలా పేరుపేరునా చూసుకునే వీలు లేదు.

స్కాట్లండ్ మాట వచ్చింది కాబట్టి మన ఏలూరు వాళ్ళు విని తీరాల్సిన సంగతి ఒకటి చెబుతాను. మన గ్రామాల చరిత్రని కైఫీయతుల రూపంలో రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండ్ మనిషే. లూయిస్ అనే దీవిలో స్టోర్నొవే ఊరు ఆయనది. ఆయనకి కుడిభుజంగా ఉన్న కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు మన ఏలూరు వాళ్ళు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మీ ఊరికి కైఫీయతు ఉంటే ఊరు ఎలా పుట్టింది, గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, కరణీకం ఏ ఇంటిపేరు వాళ్ళది అనేవి తెలుస్తాయి. మామూలు కుటుంబాల పేర్లు మాత్రం అందులో వెతక్కండి. అది ఊరి కథ. ఇంటి కథకి వేరే చోటికి వెళ్ళాలి.

ముందు ఇంట్లో

మొట్టమొదటి రికార్డు ఆఫీసు మీ ఇల్లే. ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. మగవాళ్ళని అడిగితే పొలాలు చెబుతారు. ఆడవాళ్ళని అడిగితే చుట్టరికాలు చెబుతారు. ఎవరి పిల్లని ఎవరికిచ్చారు, మేనరికం ఎక్కడ, ఏ ఊరి ఆడపడుచు ఎందుకు రాకపోకలు మానేసింది, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. ఫోన్లో రికార్డు చేయండి. "మీ అమ్మ పేరేంటి" అని ఆగిపోకండి. "మీ అమ్మ ఏ ఊరి నుంచి వచ్చింది, ఆమె పుట్టింటి వాళ్ళ ఇంటిపేరేంటి, ఆమెకి తోబుట్టువులెవరు" అని అడగండి.

తర్పణాలు వదిలే ఇళ్ళలో ఇంకొక వనరు ఉంది. అక్కడ తండ్రి, తాత, ముత్తాత పేర్లతో ఆగరు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, తర్వాత తల్లి వైపు తాత ముత్తాతలు, అమ్మమ్మలు, ఇలా రెండు వైపులా మూడేసి తరాలు చెప్పాలి. చాలా ఇళ్ళలో ఈ పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టి పురోహితుడి చేతికిస్తారు. 2015 పుష్కరాలకి కొవ్వూరులోనో రాజమండ్రిలోనో పిండం పెట్టినప్పుడు రాసుకున్న కాగితం మీ బీరువాలో ఎక్కడో ఉండొచ్చు. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు రాసే కాగితాన్ని పారేయకండి. నేను చూసినంతలో, ఆడవాళ్ళ పేర్లు మూడు తరాలు వరసగా ఉండే కాగితం చాలా ఇళ్ళలో అదొక్కటే.

ఇంటిపేరు కూడా ఒక ఆధారమే. కొవ్వలి, వట్లూరి, మాదేపల్లి, దెందులూరి. ఇవన్నీ ఏలూరు చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు కూడా. మరి కొవ్వలి వారు ఎక్కడుంటారు? కొవ్వలిలో అందరూ కొవ్వలి వాళ్ళే కాబట్టి అక్కడ ఆ పేరుతో ఎవరినీ విడిగా పిలవాల్సిన పని లేదు. అక్కడి నుంచి వేరే ఊరు వెళ్ళాక, "వాళ్ళెవరు? కొవ్వలి నుంచి వచ్చినవాళ్ళు" అంటే ఇంటిపేరు పడుతుంది. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా ఉంటే, చాలావరకు మీవాళ్ళు ఒకప్పుడు ఆ ఊరు వదిలి వచ్చారని అర్థం.

తాడేపల్లిగూడెం వాళ్ళకి ఒక మాట. 1893లో బెజవాడ, రాజమండ్రి మధ్య రైలు మార్గం వచ్చాక వ్యాపారం మీద పెరిగిన పట్నం మీది. నాలుగు వైపుల నుంచీ జనం వచ్చి చేరారు. అందుకని మీ జాడ గూడెంలో రెండు మూడు తరాలకే ఆగిపోతే కంగారు పడకండి. అంతకుముందు ఊరేదో కనుక్కుని అక్కడికి వెళ్ళండి.

ఊరు కదల్లేదు, జిల్లా కదిలింది

చాలామంది చిక్కుకుపోయేది ఇక్కడే. పేరు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు. ముందు తెలుసుకోవాల్సింది, ఆ కాలంలో మీ ఊరు ఏ జిల్లా కింద ఉంది అని.

ఏలూరునే తీసుకోండి. 1859కి ముందు ఏలూరు మచిలీపట్నం జిల్లాలో ఉంది. 1859లో జిల్లాలు కలిపి విడదీసినప్పుడు గోదావరి జిల్లాలోకి వెళ్ళింది. 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి, ఏలూరు దానికి ముఖ్యపట్టణమయింది. 2022 ఏప్రిల్‌లో ఏలూరే ఒక జిల్లా అయింది. ఊరు అక్కడే ఉంది, జిల్లా పేరు మాత్రం నాలుగు సార్లు మారింది!

తాడేపల్లిగూడెం ఇప్పుడు భీమవరం ముఖ్యపట్టణంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉంది. కొల్లేరు అవతల గట్టున కైకలూరు, మండవల్లి 2022 దాకా కృష్ణా జిల్లా, అప్పుడు ఏలూరు జిల్లాలో చేర్చారు. ఒకే చెరువుకి ఈ గట్టున వియ్యంకుడు ఒక జిల్లా, ఆ గట్టున వియ్యంకుడు ఇంకో జిల్లా. వియ్యం మాత్రం తరాల నాటిది.

దీనివల్ల ఏమవుతుందంటే, 1890 నాటి కాగితం గోదావరి జిల్లా దస్త్రాల్లో ఉంటుంది, 1910 నాటిది కృష్ణా జిల్లా దస్త్రాల్లో ఉంటుంది. మీరు పశ్చిమ గోదావరి అని అడిగితే "లేవండి" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, మనం అడిగిన పేరు ఆ రోజుల్లో లేదంతే.

ఇంగ్లీషు రాతలో పేర్లు కూడా చూసుకోవాలి. ఏలూరుని ఎల్లోర్ అనీ, కొల్లేరుని కొలైర్ అనీ రాసేవారు. ఇంటర్నెట్‌లో ఎల్లోర్ అని వెతికితే ఎల్లోరా గుహలు వస్తాయి, నెల్లూరు వస్తుంది, వెల్లూరు కూడా వస్తుంది. పక్కన గోదావరి అనో కృష్ణా అనో ఉందా లేదా చూసుకుని అప్పుడు నమ్మండి.

భూమి దారి

మీ కుటుంబానికి కాస్తో కూస్తో భూమి ఉంటే ఈ దారి పట్టుకోండి.

రైత్వారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ రిజిస్టరు, 10(1) అకౌంటు, అడంగలు. జమీందారీ గ్రామమైతే 1948 చట్టంతో జమీందారీ రద్దయ్యాక తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలు, అందరూ ఎస్.ఎఫ్.ఏ. అంటారు, అదే ముఖ్యం. ఇనాం భూమి అయితే మీరు అదృష్టవంతులు. 1858లో ఇనాం కమిషన్ ఏర్పడి ప్రతి ఇనామునీ విచారించింది. మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, వీళ్ళకీ వాళ్ళకీ చుట్టరికం ఏమిటి అని ఇనాం ఫెయిర్ రిజిస్టరులో గడులు కట్టి రాశారు. అర్చకులవే కాదు, ఊరికి సేవ చేసిన చేతివృత్తుల వాళ్ళ సర్వీసు ఇనాములు కూడా ఉంటాయి.

1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. అందుకని ఇప్పుడు తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. సర్వే నంబరు తెలిసి వెళితే పని త్వరగా అవుతుంది. ఊరికే "మా ముత్తాత భూమి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

కరణం గారి రాత గొలుసుకట్టు. మొదటి రోజు ఒక్క ముక్క అర్థం కాదు. తెలిసిన ఇంటిపేరు ఒకటి పట్టుకుని, ఆ అక్షరాలు మిగతా చోట్ల పోల్చుకుంటూ వెళితే నెమ్మదిగా చదవడం వస్తుంది. ఫసలీ అని ఉంటే 590 కలపండి. ఫసలీ 1319 అంటే 1909 జులై నుంచి 1910 జూన్ దాకా. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే జాగ్రత్త. విశ్వావసు అంటే 1905 కావచ్చు, 1965 కావచ్చు, 2025 కూడా కావచ్చు. అరవై ఏళ్ళు అటూ ఇటూ అయితే తాత మనవడవుతాడు.

ఇక రిజిస్ట్రారు ఆఫీసు. నన్నడిగితే కుటుంబ చరిత్రకి దీన్ని మించింది లేదు. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో పుస్తకాల్లో ఉంటాయి. అక్కడ ఇండెక్స్ ఒకటి మనుషుల పేర్ల మీద, ఇండెక్స్ రెండు ఆస్తి మీద ఉంటుంది. రుసుము కట్టి వెతికించుకోవచ్చు. వీలునామాల పుస్తకం మాత్రం అందరికీ చూపించరు.

వెతకాల్సింది ముఖ్యంగా రెండు రకాల దస్తావేజులు. ఒకటి, భాగ పరిష్కార దస్తావేజు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అందరి పేర్లు, తండ్రి పేరు, పోయిన అన్న కొడుకుల పేర్లు, మైనర్లయితే సంరక్షకురాలైన తల్లి పేరు, అన్నీ ఒకే కాగితంలో ఉంటాయి. ఏ దస్తావేజులోనైనా హద్దులు చదవడం మర్చిపోకండి. తూర్పు ఫలానా వారి పొలం, పడమర ఫలానా వారి పొలం అని ఉంటుంది. ఆ ఫలానా వారు చాలాసార్లు సొంత అన్నదమ్ములే.

రెండోది, దఖలు దస్తావేజు. పసుపు కుంకుమల నిమిత్తం కూతురికి ఇచ్చిన భూమి. ఇక్కడ మా ఇంటి సంగతి చెబుతాను. మా నాయనమ్మ కొల్లేటి లంక నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఆవిడ పోయాక, ఆవిడ అమ్మగారి పేరు ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మా నాన్న వైపు పొలం కాగితాల్లో ఎంత వెతికినా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ భూమి వీళ్ళది, ఆవిడ వాళ్ళది. చివరికి దొరికింది నాయనమ్మ పుట్టింటి ఊరి దస్తావేజులో. ఆవిడ తల్లి తన పసుపు కుంకుమల భూమిలో అరెకరం కూతురికి రాసింది. రాసిచ్చిన మనిషిగా ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు మూడూ ఉన్నాయి. సంతకం లేదు, నిశాని వేలిముద్ర ఉంది. నేను ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయానండి. అంతవరకూ మా ఇంట్లో ఆమె "ఆ లంక తాతమ్మ". ఇప్పుడు ఆమెకో పేరుంది.

అందుకే చెబుతున్నాను. ఆడవాళ్ళ పేరు కావాలంటే అత్తింటి భూమిలో కాదు, పుట్టింటి భూమిలో వెతకండి.

మనిషి దారి

మరి భూమి లేనివాళ్ళ సంగతి? ఇక్కడ తమాషా ఉంది. భూమి లేదు కాబట్టి రికార్డు లేదు అనుకునే కుటుంబాలకి కొన్నిసార్లు భూస్వామి ఇంటికంటే మంచి రికార్డు ఉంటుంది. మనిషి పేరున రాసిన పుస్తకాలు వాళ్ళకే దొరుకుతాయి.

మొదటిది చర్చి. మన ప్రాంతంలో ఎవరు ఎక్కడ పనిచేశారో తెలిస్తే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. నరసాపురంలో 1836లో బౌడెన్, బీర్ దంపతులు గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. రాజమండ్రిలో 1845లో లూథరన్లు మొదలుపెట్టారు, తర్వాత అది డెల్టాలోకి విస్తరించింది. మచిలీపట్నంలో 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ వచ్చి, 1854లో ఏలూరులో కేంద్రం పెట్టింది. సీఎంఎస్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిశాయి. లూథరన్లది 1927 నుంచి ఏఈఎల్‌సీ. కథోలికులకి ఏలూరు మేత్రాసనం 1976లో ఏర్పడింది, అంతకుముందు విజయవాడ కింద ఉండేది. చూశారా, ఇక్కడ కూడా జిల్లాల కథే. ఇప్పటి పేరుతో పాటు అప్పటి పేరు కూడా అడగాలి.

బాప్తిస్మ రిజిస్టరులో సాధారణంగా తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, బాప్తిస్మం ఇచ్చిన పాదిరి పేరు ఉంటాయి. చూడండి, తల్లి పేరు అక్కడుంది. పెద్దయ్యాక మతంలోకి వచ్చినవాళ్ళకయితే పాత పేరు, కొత్త పేరు రెండూ రాసిన చోట్లు ఉంటాయి. బయట శాంతమ్మ గారిని ఇంట్లో వేరే పేరుతో ఎందుకు పిలిచేవారో అప్పుడు తెలుస్తుంది. కథోలిక చర్చిలో జ్ఞానస్నానం పుస్తకంలోనే పక్కన వివాహం వివరం కూడా ఎక్కిస్తారు. అంటే పెళ్ళయి వెళ్ళిన పిల్ల ఏ ఊరు వెళ్ళిందో పుట్టిన ఊరి పుస్తకం చెబుతుంది. డెల్టా మిషన్ వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, నమ్మిన పెద్దవాళ్ళకే ఇస్తారు. అందుకని అక్కడి తేదీని పుట్టిన తేదీ అనుకోకూడదు.

పాస్టరు గారినో ఫాదర్ గారినో కలిసినప్పుడు ఏ ఊరు, ఏ సంవత్సరాల మధ్య, ఏ ఇంటిపేరు అనేవి కాగితం మీద రాసి ఇవ్వండి. ఆదివారం ఆరాధన అవగానే మీద పడకండి, వారంలో వెళ్ళండి. పుస్తకం పాతదైతే మీరు తిప్పకండి, వాళ్ళనే తిప్పమనండి. కొల్లేటి గాలికి కాగితం మెత్తబడి ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది సున్నితమైన విషయం. మాలపల్లె, మాదిగపల్లె నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలు ఈ రిజిస్టర్లలో ఎక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా వర్తించదు. ఒక పాత పేజీ ఫొటో తీసి గ్రూపుల్లో పెడితే, దాని వల్ల ఇంకొకరి ఇంట్లో ఏ ఇబ్బంది వస్తుందో మీకు తెలియదు. మీ వాళ్ళ వరస ఒక్కటే రాసుకోండి. పక్క వరస మీది కాదు.

రెండోది ఓడ. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి ఒప్పంద కూలీలుగా 1,52,184 మంది మన దేశం నుంచి వెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. వాళ్ళల్లో తెలుగువాళ్ళు ఎందరో. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఆడమనిషికి కూడా విడిగా ఒక వరస. అదే సమయంలో ఊళ్ళో ఉండిపోయిన ఆమె అక్కచెల్లెళ్ళ పేర్లు ఏ సర్కారు కాగితంలోనూ ఉండకపోవచ్చు.

డర్బన్ నుంచి, మారిషస్ నుంచి చూసే మనవాళ్ళు ఉన్నారు. మీ కాగితంలో 1880ల తేదీ ఉండి, జిల్లా గోదావరి, తాలూకా ఎల్లోర్ అని ఉంటే రాజమండ్రికి వెళ్ళి వెతకక్కర్లేదు. ఏలూరుకి రండి.

మూడోది బడి. అడ్మిషన్ రిజిస్టరు అడగండి. అందులో తండ్రి పేరు, ఊరు నమ్మండి. పుట్టిన తేదీ జులై 1 అని ఉంటే మాత్రం నమ్మకండి. అది మాస్టారు గారు వేసిన తేదీ అయి ఉంటుంది! జనన రిజిస్టర్లలో ఇంకో చిక్కు. పేరు పెట్టక ముందే రాసేస్తారు కాబట్టి ఉత్త ఆడపిల్ల అని ఉంటుంది. తండ్రి పేరు, తేదీ కలిపి చూసుకోవాలి.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

స్కాట్లండ్‌లో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. మనకీ అంతే. దానివల్ల తాతదీ మనవడిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు. 1890 దస్తావేజులో ఉన్నాయనా 1940 దస్తావేజులో ఉన్నాయనా ఒకరే అనుకుంటే మధ్యలో ఒక తరం మాయమవుతుంది. నా పద్ధతి ఏమిటంటే, పేరుతో పాటు ఇంకో రెండు కలవాలి. తండ్రి పేరు, సర్వే నంబరు, భార్య పేరు, ఊరు, వీటిలో ఏవో రెండు. అవి కలవకపోతే పెన్సిల్‌తో రాసుకుంటాను. కలిసినప్పుడే పెన్ను.

ఇదంతా ఎందుకు?

సరదాకే అనుకోకండి. కొల్లేటి ఊళ్ళనే చూడండి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్నవాళ్ళు కూడా ఉన్నారు. పరిహారం మాట వచ్చినప్పుడల్లా మొదటి ప్రశ్న, పట్టా ఎవరి పేరున, రెండో ప్రశ్న, వారసులెవరు. అప్పుడు కుటుంబం ఒక వంశవృక్షం రాసి ఇస్తుంది. అందులో కొడుకులు, మనవలు ఉంటారు. కూతుళ్ళు తరచూ ఉండరు. 1956 చట్టం కూతురిని కూడా తండ్రికి వారసురాలిని చేసింది. మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ ఉమ్మడి ఆస్తిలో కూడా హక్కు వచ్చింది. చట్టంలో పేరుంది, ఇంటి కాగితంలో పేరు లేదు. ఎవరో ద్వేషంతో కొట్టేశారని కాదు. "ఆడపిల్లలు కదా, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు" అని రాయలేదంతే. రెండు తరాలు గడిస్తే ఆమె అసలు పుట్టలేదన్నట్టే అవుతుంది.

అందుకని మీరు గీసే వంశవృక్షంలో ఒక నియమం పెట్టుకోండి. ప్రతి కోడలి పక్కనా ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు. ప్రతి కూతురి పక్కనా ఆమె వెళ్ళిన ఊరు. స్కాట్లండ్ పారిష్ గుమాస్తా బిడ్డ పేరు రాసేటప్పుడు చేసిన పని ఇదే. మన కరణం గారికి ఆ అవసరం పడలేదు. మనం చేద్దాం.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ నలుగురు తాత నాయనమ్మ, తాత అమ్మమ్మల పేర్లు రాసి, వాళ్ళ తల్లుల పేర్లు నాలుగూ రాయగలరేమో చూడండి. ఖాళీ ఎక్కడ వస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ ఖాళీ ఏ ఊరిదో, ఏ సంవత్సరాలదో కింద రాయండి, ఏ ఆఫీసులో అడగాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను. బతికున్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం బయట పెట్టకండి.

వచ్చే భాగంలో ఒక పాత భాగ పరిష్కార దస్తావేజుని తెర మీద పెట్టుకుని, మొదటి ముక్క నుంచి హద్దుల దాకా ఎలా చదవాలో చూద్దాం. గొలుసుకట్టు రాత చదవగలిగే పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుందాం.

ఉంటానండి. నమస్కారం.